ఇంజిన్ చల్లారేదాకా

తౌనో ఎడమచేతిని మోచేతి దాకా ఇంజిన్ వెనక సందులోకి పోనిచ్చి, ఇంజిన్ను చల్లబరిచే కూలెంట్ డబ్బా మూతను గుడ్డ మీంచి తాకి చూశాడు. ఇంకా కాలుతోంది. ఇప్పుడు తిప్పితే మరిగే నీళ్ళు చెయ్యంతా చిమ్ముతాయి. బానెట్ అలాగే తెరిచి ఉంచి, వచ్చి రోడ్డు పక్కన ఆపిన వ్యాను మెట్టు మీద కూర్చున్నాడు.

వారానికి ఒకసారైనా ఈ పని తప్పదు. ఆ డబ్బా ముందు అద్దం కింద, చూపు ఆనని మూలలో ఉంటుంది. పొయ్యడానికి రబ్బరు గొట్టం, దాని నోట్లో గరాటు కావాలి. పోసేవాడికి మట్టం కనిపించదు. అవతలి పక్కనుంచి ఎవరైనా టార్చి వేసి చూసి చెప్పాలి.

ఇరవై ఆరేళ్ళుగా తౌనో ఈ సరస్సుల మధ్య ముసలివాళ్ళను కుయోపియో పట్నంలోని ఆసుపత్రికీ, కళ్ళ డాక్టరుకీ తిప్పుతున్నాడు. సన్నటి మనిషి. ముంజేతి మీద వేడి ఇనుము తగిలిన పాత మచ్చలు. పెళ్ళి చేసుకోలేదు. అడగాలనుకున్నామె పాలకేంద్రంలో పనిచేసేది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆమె సముద్రం ఒడ్డు పట్నానికి వెళ్ళిపోయింది. చెప్పాల్సిన మాట గొంతులోనే పెట్టుకు తిరగడం అప్పటినుంచి అలవాటైపోయింది.

ఇవాళ వ్యానులో హిల్యా ఒక్కతే ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. తుంటి నొప్పి తగ్గేదాకా రెండు వారాలు వృద్ధాశ్రమంలో ఉండి రమ్మని తమ్ముడి కొడుకు చెప్పాడట. తౌనో జేబులో ఉన్న ఇవాళ్టి ట్రిప్పుల కాగితంలో మాత్రం, ఆమె పేరుకెదురుగా తిరుగు ప్రయాణం గడిని అడ్డంగా కొట్టేశారు.

పొగమంచు సరస్సు మీంచి లేచి, రోడ్డు దాటి, పసుపెక్కిన బిర్చి చెట్ల ఆకుల్లోకి మెల్లగా నడిచిపోతోంది. అవతలి ఒడ్డు లేదు. నీళ్ళెక్కడ ఆగి ఆకాశమెక్కడ మొదలైందో తెలియడం లేదు. ఎక్కడో కొంగ పిలిచింది. ఆ పిలుపు చాలాసేపు మంచులో తేలుతూ ఉండిపోయింది. హిల్యా ఊతకర్రతో దిగి వచ్చి, కాగిపోతున్న ఇంజిన్ కేసి చూసింది.

"ఏరా, నీ బంగాళాదుంపలు ఇంకా ఉడకలేదా?"

"ఉడికాయి అత్తా. చల్లారాలి." తను తిప్పే ముసలివాళ్ళందరినీ తౌనో ఇలా వరస కలిపే పిలుస్తాడు.

"చల్లారనీ. నాకేం తొందర?"

ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తాగారు. మంచులో ఇంజిన్ టిక్కు టిక్కుమంటూ ఉంది.

చివరికి మూత చెయ్యి ఓర్చుకునేంత చల్లారింది. పిసరు పిసరుగా తిప్పాడు. బుస్సుమని ఆవిరి వదిలింది. గొట్టం దూర్చాడు. హిల్యా అడక్కుండానే టార్చి అందుకుని, వ్యానుకి ఒళ్ళు ఆనించి అవతల నిలబడింది.

"ఊఁ, పొయ్యి."

గులాబీరంగు కూలెంట్ గొట్టంలోకి జారుతోంది.

"తౌనో, రెండు వారాలయ్యాక నన్ను తీసుకెళ్ళడానికి నువ్వే వస్తావుగా?"

వంగి ఉన్న తౌనోకి ఆమె మొహం కనిపించడం లేదు. పొయ్యడం ఆపలేదు.

"తిరుగు ప్రయాణం లేదు అత్తా. కొట్టేశారు."

టార్చి వెలుగు కదల్లేదు.

"చాలు. మట్టానికొచ్చింది," అంది హిల్యా.

తౌనో మూత బిగించి లేచాడు. "వెనక్కి తిప్పమంటావా? తిప్పేస్తాను." కాగితంలో లేని దారిన వ్యాను నడుపుతానని అతను ఎన్నడూ అనలేదు.

"వద్దులే. నిన్ననే పడవ ఒడ్డుకి లాగించి బోర్లించేశాను. వల వేసే రోజులు ఇంకా ఉన్నా."

"తెలిసే అడిగావా మరి?"

"అందరూ రెండు వారాలు, రెండు వారాలు అంటుంటే విసుగొచ్చిందిరా. ఒక్కళ్ళయినా ఉన్నమాట చెప్తారేమో అనుకున్నా. మావాడికి నోరు రాలేదు. నీకొచ్చింది." అతని మచ్చల చేతిని ఒకసారి తట్టింది. "పద, చలేస్తోంది."

మిగతా దారంతా వ్యాను మంచులోనే నడిచింది. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. తౌనో ఏ మలుపు దగ్గరా తొందరపడలేదు.

వృద్ధాశ్రమం గుమ్మంలో నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. హిల్యా వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది. అద్దం తలుపు దానంతటదే మూసుకుంది.

తౌనో వ్యాను ఎక్కబోతూ ఆగాడు. ఆమె దిగిన సీటుకి బెల్టు పెట్టి ఉంది. ఆ బెల్టు కింద, పడిపోకుండా దోపిన, ఎర్ర ఊలుదారం కట్టిన హిల్యా ఇంటి తాళంచెవి.