అంచున నిలబడ్డ మనిషి

రెండు వందల పదో ఫొటో తెర మీద తెరుచుకుంది. చుట్టూ తెల్లటి అంచు వచ్చింది, ఆ అంచు లోపల సన్నటి బంగారు గీత వచ్చింది, ఫొటో మూసుకుపోయింది. రెండు వందల పదకొండోది తెరుచుకుంది. నారాయణమ్మ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

బొబ్బిలిలోని ఆ స్టూడియోలో ఆమెది ముప్పై నాలుగేళ్ల కొలువు. పొట్టి మనిషి, సన్నటి చేతులు, కుడి బొటనవేలి మీద కత్తెర ఒరిసి ఒరిసి కట్టిన కాయ. మొదట్లో ఆల్బమ్‌లలో ఫొటోలు అంటించేది. కంప్యూటర్ వచ్చాక యజమాని కొడుకు హరిబాబు పక్కన కూర్చోబెట్టుకుని ఫొటోషాప్ నేర్పాడు. ఇప్పుడు యజమాని అతనే; అయినా ఆమెని అక్క వరసలో అప్పా అనే పిలుస్తాడు. ఒక ఫొటోకి అంచు ఎలా వెయ్యాలో ఒక్కసారి చేసి చూపిస్తే, మిగతా వందల ఫొటోలకీ అదే వేసుకుపోతుంది యంత్రం. మనిషికి పనుండదు. హరిబాబు అలాంటప్పుడు ఫోన్ చూసుకుంటాడు. నారాయణమ్మ ఫొటోలు చూస్తుంది.

ఒక్కోటీ రెండు మూడు క్షణాలే నిలుస్తుంది. ఆ కాస్తలోనే ఆమె పందిట్లోకి వెళ్లిపోతుంది. తడిసిన మామిడాకుల వాసన, కొత్త చీరల గరగర, ఎక్కడో పిలుస్తున్న పేర్లు. ఆమె పెళ్లి చేసుకోలేదు. కుదరలేదు, అంతే. కానీ చుట్టుపక్కల ఊళ్లలో జరిగిన పెళ్లిళ్లన్నిటికీ తాను వెళ్లొచ్చినట్టే ఉంటుంది. బజార్లో ఎవరో పరాయి పిల్ల ఎదురైతే, అప్పగింతల్లో ఎంతేడిచావే అనబోయి నాలుక కరుచుకుంటుంది.

రెండు వందల నలభై ఆరోది తలంబ్రాల ఫొటో. బియ్యం గింజలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ఎడమ చివర, పందిరి గుంజ పక్కన ఎవరో ఆడమనిషి. తెల్లటి అంచు వచ్చి ఆమె మొహం సగం కప్పేసింది.

నారాయణమ్మ చటుక్కున యంత్రాన్ని ఆపింది. అంచు వెయ్యని ఫొటో తెరిచి చూసింది. నేత చీర కట్టుకున్న యాభయ్యేళ్ల మనిషి. గుంజని రెండు చేతులా పట్టుకుని, పెళ్లికూతురి వైపు చూసి, పెదవులు బిగించి నవ్వుతోంది.

“హరీ, అంచు లోపలికి గీసీసినావేటి? మనిషిని తినేసింది సూడు.”

హరిబాబు కుర్చీలోంచే మెడ చాచాడు. “ఎవులప్పా ఆవిడ? గిన్నెలు తోమడానికొచ్చిన మనిషై ఉంటాది. పోనీ.”

“పోనీడానికి అది మరకేటి? మనిషి.”

“అయితే ఆ ఒక్కటీ మార్చీ. నాలుగింటి బస్సుకి పెన్‌డ్రైవ్ విజయనగరం ల్యాబుకి పంపాలి.”

“ఒకటి నా కంట పడినాది. పడనివి ఎన్నున్నాయో. మొదట్నుంచీ మళ్లీ వేస్తాను.”

“ఆరు వందల నలభై ఫొటోలప్పా!”

ఆమె కుడి బొటనవేలి కాయని తడుముకుంది.

“నా సిన్నప్పటి ఫొటో ఒకటున్నాది,” అంది తెర వైపే చూస్తూ. “శ్రీముఖలింగంలో తీసింది. నా బుజం మీద మాయమ్మ సెయ్యి, రెండు గాజులు. అంతే. అంచు సమంగా రావాలని ఎవులో మిగతాది కత్తిరించీసినారు. ఆ యేడే మాయమ్మ పోయింది. మొహం నాకు గుర్తు లేదు, హరీ.”

ఇన్నేళ్లలో ఈ మాట ఆమె నోట వినడం అతనికి అదే మొదలు. ఫోన్ జేబులో పెట్టేశాడు. “నాలుగింటిది అందకపోతే ఐదింటి బస్సుంటాది,” అన్నాడు మెల్లగా.

ఆమె పద్ధతి మార్చింది. ముందు ఫొటోని కొద్దిగా చిన్నది చేసి, నాలుగు వైపులా ఖాళీ జాగా కలిపి, ఆ ఖాళీలోనే అంచు వేసింది. తలంబ్రాల ఫొటో మీదే పరీక్షించింది. గుంజ పక్కన మనిషి నిండుగా నిలబడింది. ఆమె మోచేతికి చోటిచ్చి అంచు పక్కకి తప్పుకుంది.

“నువ్వెల్లి తినీసి రా. నాను సూస్తుంటాను.”

హరిబాబు వెళ్లాడు. పరదా సందులోంచి దిగిన ఎండ నేల మీద నీళ్లలా కదులుతోంది. ఫొటోలు ఒకటో నంబరు నించి మళ్లీ బయల్దేరాయి. ఈసారి నారాయణమ్మ పెళ్లికూతుర్ని చూడలేదు. చివర్లే చూసింది. సన్నాయి పక్కన పెట్టి చెవి గోక్కుంటున్న మనిషి. గరిటె పట్టుకునే నిద్రపోయిన వంటాయన. పందిరి ఆకులు పీకుతున్న మేక. అందరూ ఉన్నారు, అందరి చుట్టూ తెల్లగా దారి వేసినట్టుంది.

ఎడమ చెయ్యి బరువెక్కింది. కుడిచేత్తో దాన్ని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. ఛాతీలో ఏదో బిగిసింది, ఒళ్లంతా చెమట పట్టింది. లేచి నీళ్లు తాగాలనుకుంది. కానీ ఫొటోలు వస్తూనే ఉన్నాయి. పందిట్లో ఎవరో జరిగి, ఇలా కూర్చో అని తనకి చోటిచ్చినట్టనిపించింది. కుర్చీలో వెనక్కి వాలింది.

హరిబాబు తిరిగొచ్చేసరికి పని ముగిసి, తెర ఖాళీగా వెలుగుతోంది.

“అయిపోయినాదా అప్పా?”

నిద్రపోతోందనుకున్నాడు. చప్పుడు చెయ్యకుండా ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఎందుకో వెనక్కి చూశాడు. ఫ్యాన్ గాలికి ఆమె ముంగురులు కదులుతున్నాయి. ఇంకేదీ కదలడం లేదు.

పెన్‌డ్రైవ్ మూడో రోజున గానీ విజయనగరం వెళ్లలేదు.

ఆల్బమ్ కోసం పెళ్లికూతురు తులసి భర్తతో కలిసి వచ్చింది. గబగబా పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది.

“మాయమ్మ!” అంది. “ఈ ఫొటోలో పడినాది సూడండీ!”

హరిబాబు తలెత్తాడు.

“నాన్న పోయినాక సుబకార్యాల్లో ఎనకే ఉండిపోతాది. నా పీటల కాడికీ రానన్నాది. ఎంత బతిమాలినా రాలేదు. ఒక్క ఫొటోలోనూ లేదనుకున్నానండీ.” ఆమె వేలు ఆ మొహం మీదే ఉంది. “ఇది పెద్దది సేసిస్తారేటి?”

“ఇస్తానమ్మా. మాయప్ప సూసినాది,” అన్నాడు.

వాళ్లు వెళ్లాక నారాయణమ్మ కుర్చీలో కూర్చుని కంప్యూటర్ ఆన్ చేశాడు. వారం రోజుల దుమ్ము తుడుద్దామని గుడ్డ తీసుకుని, సగంలో చెయ్యి ఆపేశాడు. తెర పక్కన నల్లటి ప్లాస్టిక్ అంచు మీద, ఆ మధ్యాహ్నం ఆమె చెమట తుడుచుకుంటూ నుదుటి మీంచి తీసి అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల, ఒక పక్క కాస్త లేచి, ఫ్యాన్ గాలికి సన్నగా వణుకుతోంది.