వినుత కళ్ళ కింద

"అక్కా, కండ్ల కింద నలుపు కనపడకుండా ఏమన్నా పెట్టు. ఇట్లే వస్తే మా అత్త మూతి ముడుస్తాది," అంటూ వినుత కుర్చీలో కూర్చుంది. చింతామణిలో నాకు చిన్న బ్యూటీపార్లర్ ఉంది. బాగేపల్లిలో మా చిన్నాయన గృహప్రవేశానికి బయలుదేరే ముందు మాట ఇది.

నా చెల్లెలు వినుతను సాదలిలో పట్టుపురుగులు పెంచే ఇంటికి ఇచ్చాం. వేళ తప్పకుండా పురుగులకు ఆకు వెయ్యాలి, ఎనిమిదిమందికి వండాలి, ఆ మధ్యలో ఎప్పుడు కునుకు తీస్తుందో దానికే తెలియదు.

"నిద్ర చాల్తా లేదక్కా. నేనడిగితే నాయన వినడు. పది దినాలు పుట్టింట్లో ఉంచుకోమని నువ్వు చెప్తావా?"

"ఫంక్షన్ కానీలే, చెప్తా," అన్నాను. కన్సీలర్ వేలికొసతో అద్ది, పైన పౌడర్ వేశాను. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

గృహప్రవేశంలో మా నాయన సుబ్బరాయప్ప దాన్ని చూసి, "పాప కళకళలాడతాండాది," అని మురిసిపోయాడు.

"మా ఇంట్లో ఏం తక్కువప్పా?" అంది వినుత అత్త అంజనమ్మ.

వినుత నా వైపు చూసింది. అప్పుడే చెప్పాల్సింది. మేకప్ ఎవరు చేశారని ఆడవాళ్ళు అడుగుతుంటే, నేనేనని చెప్పుకుంటూ నిలబడ్డాను. సాయంత్రం అది అత్తతో సాదలి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు మల్బరీ ఆకు గంప ఎత్తబోయి పడిపోయింది. ఒంట్లో ఉండాల్సిన రక్తం సగం కూడా లేదన్నారు డాక్టరు. "ఆ దినం అంత బాగుండె కదమ్మా!" అని నాయన ఆసుపత్రి బెంచీ మీద పదేపదే అంటుంటే, పక్కనే కూర్చుని నేను నోరు విప్పలేదు. అది రెండోసారి.

డిశ్చార్జ్ రోజు అంజనమ్మ వినుత బట్టల సంచి పట్టుకుని నిలబడింది. "ఇంటికాడ పని అట్లే ఉండాది. ముఖానికి కొంచెం ఏమన్నా రాయమ్మా నేత్రా, ఊర్లో నలుగురు చూస్తారు."

నేను నాయన వైపు తిరిగాను. "నాయనా, ఆ దినం అది బాగున్నట్టు కనిపించేలా చేసింది నేనే. నిద్ర లేదని, పది దినాలు ఉంచుకోమని నాతో చెప్పింది. నీకు చెప్తానని మాటిచ్చి చెప్పలేదు."

నాయన తల దించుకున్నాడు. అంజనమ్మ ఏదో అనబోయింది. నేను ఆమె చేతిలోంచి సంచి తీసుకున్నాను.

వినుతను మా ఇంటికి తెచ్చి పడుకోబెట్టాను. క్షమించమందామని చేయి పట్టుకునేలోపే నిద్రపోయింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన దేవరాజ్ గుమ్మంలో నిలబడి, "ఎన్ని దినాలుంటాది?" అన్నాడు.

"అది లేచినాక దాన్నే అడుగుదాం," అని తలుపు దగ్గరగా వేశాను.