కుడివైపు బటన్

వంతెన కొట్టుకుపోయిన వరదకు రెండో ఏడు అది. ఆసుపత్రి చీటీల కౌంటర్‌లో కంప్యూటర్ పెట్టారు. తెర మీద ఏది ఎక్కడ ఉండాలో గీసిచ్చే పని ఒక అన్నాచెల్లెళ్లది. ఇద్దరిదీ ప్రోగ్రాములు రాసే ఒకే ఆఫీసు, పక్కపక్క బల్లలు.

చెల్లెలు పదిచోట్ల వాడి, మంచివని తేలిన పద్ధతులను పుస్తకంలో గీసి పెట్టుకుంది. సేవ్ బటన్ ఎప్పుడూ కుడివైపే. డిలీట్ దూరంగా, అదీ ఒకసారి అడిగాకే. ఏ తెర తర్వాత ఏ తెరో గళ్లతో, బాణాలతో బొమ్మ వేసేది. గడికో అర్థం, బాణానికో అర్థం. అవి ఎక్కడా మారవు గనుక ఆఫీసులో అందరూ ఆ బొమ్మను చదవగలిగేవారు.

అదే అన్నకు కంటగింపు. పన్నెండేళ్లుగా ప్రతి తెరా సొంతంగా గీసినవాడు. ఇప్పుడు జనం అతని బల్ల దాటి చెల్లెలి దగ్గరికి పోతున్నారు. నువ్వూ ఆ పుస్తకం చూడవయ్యా అని యజమాని అన్ననాడు అతనికి అన్నం సహించలేదు.

"చూసిరాతకు కూడా మెప్పేనా?" అని దెప్పాడు.

"మెప్పెందుకన్నయ్యా, వాడేవాళ్లు తడుముకోకుంటే చాలు" అంది.

చివరి తెర, ఆ రోజు వచ్చిన రోగుల పేర్ల జాబితాది, అన్న వంతుకు వచ్చింది. చెల్లెలి గీతలా ఉండకూడదన్న పంతంతో డిలీట్‌ను కుడికి తెచ్చాడు. మళ్లీ అడగడమూ పెట్టలేదు.

బటన్ ఎటుంటే ఏమిటని చదివేవారు నవ్వుతారేమో. కౌంటర్ ఆవిడ చెయ్యి మిగతా తెరలన్నిటిలో కుడికే అలవాటు పడింది. ఒక సోమవారం జాబితా సేవ్ చేయబోయి కుడివైపు నొక్కింది. అరవై పేర్లు చెరిగిపోయాయి. పొద్దున్నుంచి నిలబడ్డ రోగులు మళ్లీ వరస కట్టారు. పెద్ద డాక్టరు ఆమెను రేపటినుంచి రావద్దన్నాడు. తప్పు నాదేనని ఆమె కాగితం రాసిచ్చింది కూడా.

కబురు ఆఫీసుకు చేరింది. అన్న తలెత్తలేదు. ఒప్పుకుంటే చెల్లెలు గెలిచినట్టేనని లోలోపల కుతకుతలాడాడు. చెల్లెలు ఆ తెర చూసింది. ఎవరికీ చెప్పకుండా కుర్చీ అతని పక్కకు జరుపుకుంది.

"కోపముంటే నా మీద చూపించు అన్నయ్యా. ఆవిడ నీకేం చేసింది? గీసినవాడి పేరు ఎవరూ అడగరు. నొక్కిన చేతినే తిడతారు. అందుకే గీసేటప్పుడు మన గొప్ప కాదు, ఆ చెయ్యి గుర్తుండాలి."

మరునాడు ఉదయం అన్న ఆసుపత్రికి వెళ్లి రోగుల వెనక నిలబడ్డాడు. వంతు వచ్చాక పెద్ద డాక్టరును కౌంటర్ ఆవిడ రాసిచ్చిన కాగితం అడిగి, ఆమె పేరు కొట్టేసి తన పేరు రాశాడు.