వద్దనలేదుగా

కండక్టరమ్మ నోరంటే ఆ బస్సెక్కే పోకిరీలకు హడల్. ఆడవాళ్ల సీట్ల మీదికి వాలిపోయేవాణ్ణి, "వెనక్కి జరుగు నాయనా, నీ ఒళ్లు నీ దగ్గరే ఉంచుకో" అని నలుగురిలో కడిగేసేది. అలాంటి మనిషి, కొడుకు సంగతి మాట్లాడాలని బడి నుంచి కబురొస్తే, డ్యూటీ బట్టల్లోనే వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ ముందు తలవంచుకుని నిలబడింది.

పదో తరగతి చదివే కొడుకు, తోటి పిల్లను మేడమెట్ల మీద అడ్డగించి చెయ్యి పట్టుకున్నాడట. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడిస్తేగానీ వదల్లేదట.

"నన్ను చూసి నవ్వేది. పట్టుకుంటే వద్దనలేదు కూడా," అన్నాడు వాడు. అబద్ధమాడే మొహం కాదది. నిజంగానే అర్థంకాని మొహం.

ఆ గదిలోనే ఓ మూల నిలబడ్డ ఆ పిల్ల గోడకేసి చూస్తూ, "గొంతు పెగల్లేదు మేడమ్," అంది.

వాణ్ణి వారంపాటు బడికి రావద్దన్నారు. ఇంట్లో భర్త విని నవ్వేశాడు. "మగపిల్లాడు, ఈ వయసులో ఆమాత్రం ఉండదా? మౌనం అర్ధాంగీకారమని ఊరికే అన్నారా?"

"అర్ధమంటే సగమేగా? మిగతా సగం ఎవర్నడిగాడు?"

ఆయన టీవీ సౌండు పెంచాడు.

ఆమె భోజనం దగ్గర కొడుకు పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని మాట చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, డిపోలో డ్యూటీలు వేసే పెద్దాయన మాటల మధ్య ఆమె నడుం మీద చెయ్యేశాడు. "కొయ్యబారిపోయాన్రా. మాట రాలేదు. ఇష్టమై కాదు, భయమేసి."

వాడు ముద్ద కలపడం ఆపి విన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మరి అరవొచ్చుగా అమ్మా? బస్సులో అంతమంది మీద అరుస్తావు. నువ్వు ఊరుకుంటే ఆయనకెలా తెలుస్తుంది?"

ఆమె చెయ్యి లేచింది. "ఎదిగిన పిల్లాణ్ణి కొడతావా!" అని భర్త గదిలోంచి గదిమాడు. ఆయనకు జంకి కాదు, కొట్టినా వాడి బుర్రకెక్కేదేమీ లేదని తెలిసి చెయ్యి దించేసింది.

మళ్లీ బడికెళ్లిన రోజు సాయంత్రం వాడు హుషారుగా వచ్చాడు. "ఆ పిల్ల టీసీ తీసుకుని వెళ్లిపోయిందటమ్మా. గొడవ వదిలింది."

తండ్రి భుజం తట్టాడు.

"ఏ బడికెళ్లిందిరా?" అడిగిందామె.

"ఏమో, నేనడగలేదు," అంటూ వాడు బూట్లు విప్పుకున్నాడు.