వల దారంతో కుట్టిన కోడి

భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మణిదీప్, ఆదివారం మొగల్తూరు వస్తే బ్యాగు మా ఇంట్లో పడేసి భోజనానికి పక్కింటికి పోతున్నాడు. పక్కింటి రూబీ, కోడి కడుపులో కైమా, ఉడికిన గుడ్లు కూరి, కుట్టేసి, కోడిని కోడిలాగే వేయిస్తుంది. క్రిస్మస్‌కి అది తిన్న దగ్గర్నుంచి వీడికి నా చేపల పులుసు ఆనడం లేదు. ఇలాగే వదిలేస్తే ఆవిడనే అమ్మా అంటాడేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఈ ఆదివారం నేనే వండాలనుకున్నాను. రూబీని అడగడానికి మనసొప్పలేదు. లోపల పచ్చిగా ఉండిపోతే పిల్లాడికి వాంతులు పట్టుకుంటాయని కైమా ముందే వేయించి కూరాను. కుట్టు ఊడితే అంతా బయటికొస్తుందని భయమేసి, మా ఆయన వల బాగుచేసే నైలాన్ దారం తెచ్చి ముడి మీద ముడి వేశాను.

వేగాక మూత తీసి చూస్తే కుట్టు లేదు. దారం కరిగి నల్లగా మాంసానికి అతుక్కుపోయింది.

“తోలు వలిచేస్తే సరిపోద్ది,” అన్నాడు మా ఆయన.

“ప్లాస్టిక్కండీ అది! లోపలికి కారుంటే? పేగులకి పట్టేస్తే?”

“పోన్లే, వలకి కోడి చిక్కడం మన ఊళ్ళో ఇదే మొదలు!”

కుక్కలు తిన్నా చస్తాయని పెరట్లో గొయ్యి తీసి పూడ్చేశాను. ఇక తప్పక, గిన్నె పట్టుకుని రూబీ గుమ్మం ఎక్కాను.

“వస్తున్నానని పొద్దున్నే మణిదీప్ ఫోన్ చేశాడండి వదినగారూ. కోడి వండేశాను,” అంది.

నాకు మాత్రం చెయ్యలేదు.

“వాడు ఇవాళ మా ఇంట్లోనే తింటాడు. కాస్త పెట్టమ్మా. నేనే వండానని చెప్పుకుంటాను.”

“దానికేం భాగ్యమండీ, మొత్తం పట్టుకెళ్ళండి,” అని నవ్వుతూ గిన్నె నింపేసింది. కాస్త విసుక్కున్నా బాగుండేది.

మణిదీప్ వచ్చాడు. వడ్డించాను. మొదటి ముద్దకే తలెత్తాడు.

“ఇది రూబీ ఆంటీది కదూ?”

“ఎలా తెలిసిందిరా?”

“నీ వంటైతే ఇంత నిమ్మళంగా తిననిస్తావేంటి? ముద్ద ముద్దకీ ఎముకుంటుంది చూసుకో అంటావు.”

మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆవిడ కోడి, ఆవిడ మసాలా. ఎముక గుచ్చుకుంటే ఆవిడే చూసుకోవాలి, నాకెందుకు అనుకున్నాను.

వాడు రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“చూసుకుని తినరా నాన్నా, ఎముకుంటుంది,” అన్నాను.