ఎడమ బుగ్గ మీద చుక్క

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఎవరైనా "అంతా బాగుంది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటిదాన్ని, మా మావయ్యగారు రామబ్రహ్మంగారి సినిమా కథని పెళ్ళైన దగ్గర్నుంచీ ఎలా భరించానో నాకే తెలియదు.

ఓ పాత నలుపు తెలుపు సినిమాలో, ఉయ్యాల పాటలో ఉన్న పసివాడు ఆయనేనట. వాళ్ళమ్మ బాలాత్రిపురసుందరి ఎడమ బుగ్గ మీద కాటుకతో దిష్టి చుక్క పెట్టిందట. డైరెక్టరు తుడిచెయ్యమంటే, చుక్క లేకపోతే పిల్లాణ్ణి ఇవ్వనందట. ఆ ఏడాదే ఆవిడ పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఇదంతా ఆయనకి మేనత్త చెప్పింది. టీవీలో ఎప్పుడు వేసినా బొమ్మ అలుక్కుపోయి, ఉయ్యాల్లో ఉన్నది పిల్లాడో దిండో తెలిసేది కాదు.

అందుకే ఆ సినిమాని బాగుచేసి బ్లూరే డిస్కు వేశారని తెలియగానే తెప్పించాను. ఆయన సంతోషం కోసం కాదు, సంగతి తేల్చేద్దామని. ఆదివారం మా మణికొండ ఫ్లాట్‌లో పెట్టాం. బొమ్మ అద్దంలా ఉంది. ఉయ్యాల చీర నేత కూడా తెలుస్తోంది. పసివాడి బుగ్గ మీద మాత్రం ఏమీ లేదు.

"చుక్కేదండీ మావయ్యగారూ?" అన్నాను, గెలిచినదానిలా.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "అయితే నేను కాదేమోలే అమ్మా. మా మేనత్త నన్ను ఊరడించడానికి చెప్పుంటుంది" అన్నారు. భోజనానికి లేవలేదు.

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కోపం డిస్కు మీదకి మళ్ళింది. అంత పాత సినిమా ఇంత శుభ్రంగా ఎలా ఉంది? హీరోయిన్ ముక్కుపుడక కూడా ఒక్కోసారి మాయమైపోతోంది. మా ఆఫీసులోనూ అంతే, ఫెయిలైన టెస్టు తీసేసి అన్నీ పాసయ్యాయంటారు. డిస్కులోని అదనపు విశేషాల్లో "అప్పుడు, ఇప్పుడు" అని ఉంటే నొక్కాను.

తెర రెండుగా చీలింది. కుడివైపు శుభ్రం చేసిన బొమ్మ, ఎడమవైపు గీతలూ దుమ్మూ. దుమ్ము క్షణానికోచోట ఎగురుతోంది. పసివాడి బుగ్గ మీద నల్లటి చుక్క ఒక్కటే కదలకుండా ఉంది. బాగుచేసిన విదేశీ నిపుణుడు గర్వంగా చెబుతున్నాడు: "ఈ మొండి మరకని తీయడానికి చాలా కష్టపడ్డాం."

"మావయ్యగారూ, ఒకసారి రండి" అన్నాను.

ఆయన వచ్చి టీవీకి ఆనుకున్నంత దగ్గరగా నిలబడ్డారు. చుక్క మీద తన వేలు ఆనించి చూసుకున్నారు.

"మా అమ్మ వేలు సన్నంగా ఉండేదన్నమాట" అన్నారు.

తెర మీద ఆయన వేలిముద్ర పడింది. సాయంత్రం మా ఆయన జశ్వంత్ గుడ్డ తీసుకుని తుడవబోతే, చెయ్యి పట్టుకుని ఆపాను.