తారు పోసిన పెట్టె

మా ఆయన కటోంగో నా కూరగిన్నెలో తారు కాచిన రోజున నేను వీధి వీధంతా వినబడేలా అరిచాను. నా బాధంతా గిన్నె గురించే. ఆ తారు ఇంకేమేం పాడుచేస్తుందో అప్పుడు నాకేం తెలుసు!

రాగి గనుల ఊరు కిట్వేలో, గనివాళ్ళ వుసాకిలే కాలనీలో ఆయన్ని మోటార్ల కటోంగో అనేవాళ్ళు. పగలు గని వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి పాత రేడియోలు విప్పేవాడు. విప్పినవి మళ్ళీ బిగించేవాడనుకునేరు, అదేం లేదు. మా మంచం కింద రేడియోల శ్మశానం ఒకటి ఉండేది.

మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయిన రోజులవి. రాగి బాగా పలుకుతోంది, కుర్రాళ్ళందరికీ గంటల్లాంటి ప్యాంట్లు, వీధికో గిటారు బ్యాండు. వాటిలో ‘కందిరీగలు’ అనే బ్యాండులో గిటారు వాయించేవాడు వెడ్సన్ జెరె. అతను అంగోని, మేం బెంబాలం. తాతలనాడు ఈ రెండు జాతులూ కొట్టుకు చచ్చాయి గనక మనవలకు బావల వరస వచ్చింది. ఎదురుపడితే తిట్టుకోవాలి, తిట్టు తిన్నవాడు నవ్వాలి. చావింట్లో సైతం శవాన్ని తిట్టిపోసి, ఏడ్చేవాళ్ళను నవ్వించే పని బావలదే. కోపం తెచ్చుకున్నారా, వరస తెగినట్టే. మా దగ్గర ఈ వరస జాతి మొత్తానికి వర్తిస్తుంది కాబట్టి మా ఆయన అతనికి బావ, నేను వదినను.

వెడ్సన్ మా గుమ్మంలో కాలు పెడుతూనే మొదలుపెట్టేవాడు.

“ఏం వదినా, ఇవాళ ఏ కోతిని కోశావు? వాసన రోడ్డు దాకా కొడతంది.”

“నీకెందుకయ్యా కోతి? నీకోసం ఎలకల్ని ఎండబెట్టి ఉంచా. తోకల్తో సహా మింగు.”

“తోకలు మా బావకియ్యి. రేడియోలో తీగలు తక్కువయ్యాయంట.”

ఇలా తిట్టుకుంటూనే ఒకే పళ్ళెంలో న్షిమా సంకటి ముద్ద చిదుపుకుని తినేవాళ్ళు ఇద్దరూ.

పై దేశాల రికార్డుల్లో గిటారు గొంతు చిరిగినట్టు, గీరగా, రంయ్యిమంటూ పలికేది. దానికి కాలితో నొక్కే పెట్టె ఒకటి ఉంటుందని, అది మన దేశంలో దొరకదని వెడ్సన్ ఎక్కడో విన్నాడు. “నువ్వు చేసి పెట్టు బావా” అన్నాడు. అంతే, ఆ చలికాలమంతా మా ఆయన మాకు దక్కలేదు. పాత రేడియోల్లోంచి ట్రాన్సిస్టర్లు పీకేవాడు, రెండేసి జత కలిపి చూసేవాడు. ఒక జత పీలగా మూలిగేది. ఇంకోటి రెండు క్షణాలు పలికి గుడ్లు తేలేసేది. చివరికి చనిపోయిన ఓ బడిపంతులుగారి రేడియోలోంచి తీసిన రెండూ కుదిరాయి. పాత కార్లలో దీపాల వెలుగు తగ్గించడానికి కాలితో నొక్కే స్విచ్చి ఉంటుందే, దాన్ని పైన బిగించాడు. పెట్టేమో గనిలో మూలపడ్డ ఇనప స్విచ్చి డబ్బా. విసిరితే కుక్క చస్తుంది.

మొదటిసారి వెడ్సన్ దానిమీద కాలేసి తీగ మీటినప్పుడు నేను వాకిట్లో గుమ్మడాకు తరుగుతున్నాను. కత్తి వదిలేసి లోపలికి పరిగెత్తాను. ఆ మోత నా పళ్ళల్లోకి పాకింది. నచ్చిందని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది నాకు.

దాని గారాబాలు దానికున్నాయి. మా వైపు అక్టోబరే నడివేసవి, ఆ ఎండకు గొంతు బొంగురుపోయేది. అందుకని పాటకు ముందు నేను నడుముకు చుట్టుకునే చితెంగే గుడ్డ తడిపి, జ్వరమొచ్చిన బిడ్డకు చుట్టినట్టు చుట్టి ఉంచేవాళ్ళు. నా గుడ్డలన్నీ తుప్పు మరకలే. అయినా మా రాగిగనుల సీమ కాపర్‌బెల్టు అంతా ‘కందిరీగల పెట్టె’ పేరు మోగిపోయింది. వేరే బ్యాండ్ల వాళ్ళు మా ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళు. లోపల ఏముందన్నా అని అడిగితే మా ఆయన కళ్ళు సగం మూసి, “ఉందిలే ఒక కిటుకు” అనేవాడు.

కిటుకూ లేదు, కాకరకాయా లేదు. గనిలో తెల్ల ఫోర్‌మన్ వదిలేసిపోయిన పాత పత్రికలోని చిన్న సర్క్యూట్ బొమ్మ చూసి చేశాడు. మిగతాది పంతులుగారి రేడియో చలవ. మూత తీస్తే ఎవడైనా “ఓస్, ఇంతేనా!” అంటాడు. ఆ మాట వినడం కంటే మా ఆయనకు చావే నయం. అందుకే గనిలో కేబుల్ అతుకుల్లోకి నీళ్ళు పోకుండా పోసే తారు ముద్ద తెచ్చాడు. నా గిన్నెలో కాచి, కాస్త చల్లారనిచ్చి, పెట్టెలో అంచులదాకా పోశాడు.

వెడ్సన్ పక్కనే గొంతుక్కూచుని చూశాడు.

“బావా, రేపు దీనికి రోగమొస్తేనో?”

“నా చేతి పనికి రోగం రాదు.”

“బెంబావాడు కూచున్న కొమ్మే నరుక్కుంటాడని మా తాత ఊరికే అన్లా!”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం గిన్నె వంక చూస్తే నవ్వు రాలేదు.

నాలుగేళ్ళు ఆ పెట్టె ఏలింది. ఒక అక్టోబరులో, ముఫులిరా క్లబ్బులో, జనం కిక్కిరిసి ఉండగా వెడ్సన్ కాలు వేశాడు. మోత లేదు. మళ్ళీ నొక్కితే ఉత్త గిటారు పలికింది. మళ్ళీ నొక్కితే నిశ్శబ్దం. జనం ఈలలు వేశారు. సీసాలు కూడా విసిరారని తర్వాత విన్నాను.

మర్నాడు పెట్టె మా బల్ల మీదికొచ్చింది. మా ఆయన కొత్త బ్యాటరీ పెట్టాడు, మీటరు ముల్లు అక్కడా ఇక్కడా ఆనించాడు. తారు పైనుంచి ఏం తెలుస్తుంది? “ట్రాన్సిస్టర్ చచ్చింది. ఆ జత మళ్ళీ దొరకదు” అని తేల్చేశాడు.

“తారు తీసి చూడు బావా.”

“కరిగిస్తే ఆ వేడికి రెండోది కూడా చస్తది.”

ఆ ముక్క నిజమే, అవి వేడికి ఆగవు. చేతిలో ఒక్క నిజం ముక్క ఉంటే దాని చాటున ఎంత అబద్ధమైనా దాక్కుంటుంది. వెడ్సన్ వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చాడు. మా ఆయన కొత్తరకం ట్రాన్సిస్టర్లతో ఇంకో పెట్టె చేసిచ్చాడు. వెడ్సన్ దాన్ని మీటి, “కుక్క మొరిగినట్టుంది” అని తిరిగిచ్చేశాడు. మూడోసారి కిరోసిన్ సీసాతో వచ్చాడు.

“వేడొద్దు, దీంట్లో నానబెడదాం. మా ఆవిడ టిసౌకే చితెంగేకంటిన తారు దీంతోనే పోయింది. నాల్రోజులు పడితే పట్టనీ.”

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. “చచ్చినోణ్ణి సమాధిలోంచి తవ్వుతావంట్రా? నేను చెప్తంటే నమ్మవా?”

“నమ్మక ఏం చేస్తాలే” అని వెడ్సన్ కిరోసిన్ సీసా నా చేతిలో పెట్టి, “దీపానికి పనికొస్తది వదినా” అని వెళ్ళాడు. లోపల ఉన్నది పత్రికలోని ఆ చిన్న బొమ్మేనని నేస్తానికి కూడా తెలియకూడదు, అదీ మా ఆయన పంతం. నేను అడిగితే, “ఆడదానివి, నీకేం తెలుసు” అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే బ్యాండ్లు ఎలాగూ చచ్చేవే. రాగి ధర పడిపోయింది, క్లబ్బుల్లో మనుషుల బదులు రికార్డులు తిరగడం మొదలయింది. కానీ మిగతావాళ్ళు హోటళ్ళలోనో పెళ్ళిళ్ళలోనో వాయించుకుంటూ బతికారు. వెడ్సన్ వల్ల కాలేదు. “కాలు దానంతటదే లేస్తది వదినా, కింద ఏమీ ఉండదు” అనేవాడు. గిటారు గోడకు తగిలించి గని లోపలి పనికి దిగాడు. పదేళ్ళు దుమ్ము మింగాడు.

అతను మళ్ళీ పెట్టె మాట ఎత్తిన రోజున మా గుమ్మం ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. ఊపిరి ఈలలా వస్తోంది. తిట్టడం మాత్రం మానలేదు.

“వదినా, ఇంకా పోలేదా నువ్వు? కోతులకి ఆయుష్షెక్కువని నిజమే.”

“నిన్ను పంపించి గానీ పోను. కూచో.”

రేడియోవాళ్ళు పాత గిటారు వాళ్ళను వెతుక్కుంటూ వచ్చారట. వచ్చే శనివారం అతని పాటలు రికార్డు చేస్తామన్నారట. అందరూ మర్చిపోయిన ఆ గొంతు ఒక్కసారి టేపుకెక్కితే చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నాడు. అది చెప్పేటప్పుడు అతని కళ్ళు మెరిశాయి.

“బావా, ఆ సమాధి తవ్వుదాం. నేనూ దాని పక్కకే పోతన్నాగా, ముందు చూసొస్తే మంచిది.”

మా ఆయన ఈసారి పంతం పట్టలేదు. కిటుకు అడిగేవాడు కాపర్‌బెల్టులో ఒక్కడూ మిగల్లేదు, ఇక ఎవరి దగ్గర దాచాలి?

కిరోసిన్ కోసం క్యూలు కట్టే రోజులవి. దీపంలోది వంచి ఇచ్చాను. ఆ పాత గిన్నే ఇచ్చాను, ఎలాగూ తారు రుచి తెలిసినదే. మంచం కింద పడున్న పెట్టెను అందులో నానబెట్టి, మా ఆయన వరండాలో కూర్చుని నా న్షిమా తెడ్డు కొసతో తారును పొరలు పొరలుగా గీకాడు. శుక్రవారం మధ్యాహ్నం గీకుడు ఆగిపోయింది. చూద్దును గదా, తెడ్డు పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

“ఇలా రా” అన్నాడు.

భాగాలు అతికిన చిన్న పలక మీద అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ట్రాన్సిస్టర్లు రెండూ మెరుస్తున్నాయి. పలక నుంచి స్విచ్చికి పోయే తీగ ఒకటి కొసన ఊడి ఉంది. నా చిటికెన వేలంత తీగ. తారు ఎండకు మెత్తబడి, చలికి బిగుసుకుని, ఏటికేడాది లాగి లాగి దాన్ని ఊడబీకింది.

కాల్చిన కడ్డీ ఆనించాడు. సన్నగా పొగ లేచింది, తీగ అతుక్కుంది. పెట్టెను పాత యాంప్లిఫయరుకు తగిలించి, గిటారు వైరు దూర్చే చోట వేలు ఆనించాడు. ఇల్లంతా రంయ్యిమంది, పద్నాలుగేళ్ళ కిందటి మోత. మా ఆయన వేలు తియ్యకుండానే ఏడ్చాడు.

నేను ఆయన భుజం పట్టుకుని చెప్పాను. “తీగ అని చెప్పకండి. ట్రాన్సిస్టర్ మార్చాను, లుసాకాలో దొరికిందనండి. ఎవరికీ నష్టం లేదు.”

“అలాగే అంటా” అన్నాడు.

సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. వెడ్సన్ మంచం మీదే కూర్చుని గిటారు తగిలించి, కాలు వేసి, మీటాడు. వాళ్ళావిడ టిసౌకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దగ్గుతూ, నవ్వుతూ, దగ్గుతూ వాయించాడు.

“ఓరి కోతిమూతి బావా! కోతిమాంసంలో తెలివి ఉంటదని నేనెప్పుడూ అనుకోలేదురా! ఏం మార్చావు? ఎక్కడ దొరికింది?”

మా ఆయన నా వైపు చూశాడు. నేను చూపుతోనే చెప్పాను, అనండి, అనేయండి.

“ఏం మార్చలేదు” అన్నాడు. “తీగ ఊడింది. అతికా.”

“ఏ తీగ?”

“స్విచ్చిది.”

“ఎంతసేపు పట్టింది?”

“చిటికెలో.”

వెడ్సన్ పెట్టె వంక చూశాడు. దాంట్లోంచి గిటారు వైరు పీకి, మెల్లగా చేతికి చుట్టుకున్నాడు. నేను తిట్టు కోసం చూశాను. అంగోనివాళ్ళ దగ్గరున్న తిట్లలోకల్లా పెద్ద తిట్టు రావాలి ఇప్పుడు, రానీ, ఇద్దరం తలొంచుకుని తింటాం, తర్వాత ఎవరో ఒకరు నవ్వుతారు అనుకున్నాను.

“చాలా శ్రమపడ్డారు కటోంగో గారూ” అన్నాడు వెడ్సన్. “టిసౌకే, వాళ్ళకి కుర్చీలు వెయ్యి.”

ఆ ఇంట్లో మేం ఎన్నడూ కుర్చీ ఎక్కలేదు. చాప మీద కూర్చుని, కుండలోంచి మేమే ముంచుకు తాగేవాళ్ళం. ఆ రోజు టిసౌకే గ్లాసుల్లో పోసి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. వచ్చేటప్పుడు పెట్టెను గుడ్డలో చుట్టి మా చేతికిచ్చారు. “మీ కష్టమండీ, మీ దగ్గరే ఉండనివ్వండి” అన్నాడు.

శనివారం అతను ఉత్త గిటారే వాయించాడు. అది రేడియోలో వచ్చినప్పుడు మా ఆయన మొదటి పాట అవకముందే లేచి బయటికి వెళ్ళాడు.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదా? ఇప్పటికీ నాకు తెలియదు. పదేళ్ళు అబద్ధం చెప్పి, చెప్పాల్సిన ఒక్కరోజున నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు కోపంగానే ఉంది. ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం వెడ్సన్ ఇంటికి వెళ్ళేవాడు. ఒకసారి నా ఎదురుగానే చేతులు పట్టుకుని బతిమాలాడు.

“ఒక్క తిట్టు తిట్టరా. చెప్పు తీసుకుని కొట్టు.”

“అయ్యో, ఎందుకండీ? మీరేం చేశారని?” అన్నాడు వెడ్సన్, పిల్లల చదువులెలా ఉన్నాయని అడిగాడు.

వానలు మొదలయ్యాక వెడ్సన్ పోయాడు. వాకిట్లో ఆడవాళ్ళ ఏడుపు ఎంతకీ ఆగకపోతే, చిపాటా నుంచి వచ్చిన అతని అన్న లేచి నిలబడ్డాడు.

“ఏరీ బెంబా బావలు? ఒక్కడూ లేడా ఈ ఊళ్ళో? మావాణ్ణి నాలుగు తిట్టి సాగనంపండి!”

మా ఆయన లేచాడు. నోరు తెరిచాడు. గుమ్మంలోంచి టిసౌకే అది చూసింది, కళ్ళు తుడుచుకుని గబగబా దగ్గరికి వచ్చింది.

“మీకెందుకండీ శ్రమ? కూచోండి” అంది, ఎంతో మర్యాదగా.

వెనక వీధి బెంబా కుర్రాడెవడో ముందుకొచ్చి, “ఈ ఎలకల దొంగ మా పొలాల్లో ఎలకలన్నీ తినేసి ఇప్పుడు పడుకున్నాడు చూడండి” అని అందుకున్నాడు. ఏడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. గని ఆఫీసు నుంచి వచ్చిన పెద్దమనుషుల కోసం ఓ పక్కన కుర్చీలు వేసి ఉన్నాయి. మా ఆయన వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాడు.